బొమ్మల కథ గోడెక్కాలంటే: కామిక్స్ గీసేవాళ్లు తొలి సోలో షోకి ఎలా సిద్ధం కావాలి

“అన్నా, గ్యాలరీలో డేట్లు ఖాయమయ్యాయి. ఇప్పుడేం చెయ్యాలి?” కామిక్స్ చదువుతూ పెరిగి ఆ గీతలోనే బొమ్మలు వేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పినా ఏదో ఒకటి మర్చిపోతుంటాను. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నా. ప్యానెళ్లు (కథలో ఒక్కో బొమ్మ గడి), బెలూన్లు (మాటలు రాసే బుడగలు), ఇంకు గీతలతో పనిచేసేవాళ్ల కోసమే ఇది.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. కామిక్ పేజీని ఒళ్లో పెట్టుకుని అడుగు దూరంలో చదువుతాం. అదే పేజీ గోడ మీదికి వెళ్లాక జనం నాలుగైదు అడుగుల అవతల నిలబడి, పక్కవాళ్లతో మాట్లాడుతూ, నడుస్తూ చూస్తారు. కింద చెప్పేవన్నీ దాదాపుగా ఈ తేడాని సర్దుకోవడానికే.

కావలసినవి

- కనీసం ఆరు నెలల టైము. మూడు నెలల్లోనూ చెయ్యొచ్చు గానీ రంగుల పరీక్ష కుదించుకోవాలి.
- కొలత టేపు, రసమట్టం, పెన్సిలు, గోడకి అంటుకుని తేలిగ్గా ఊడొచ్చే పేపర్ టేపు.
- థర్మాకోల్ లేదా ఫోమ్ బోర్డు, గుండుసూదులు.
- మందపాటి నోటుబుక్కు ఒకటి. కొలతలు, ధరలు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే రాయాలి.
- డబ్బు. ఖర్చులో పెద్ద వాటా ఫ్రేములదే. ముందుగా వాటి లెక్క వేసుకున్నాకే మిగతావి.
- కామిక్స్ అలవాటు లేని ఇద్దరు మనుషులు. ఒకరు అరవై దాటినవాళ్లయితే మంచిది. అక్షరాల పరీక్షకి వాళ్లే దిక్కు.

1. ముందు గోడని కొలవండి

కొత్త బొమ్మ మొదలుపెట్టకముందే గ్యాలరీకి వెళ్లి గోడ చూడండి. హైదరాబాద్‌లోనే తీసుకుంటే మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి పెద్ద హాలు వేరు, బంజారాహిల్స్‌లో ఇల్లు లాంటి ప్రైవేటు గ్యాలరీ వేరు. ఒకచోట ఎనిమిది అంగుళాల బొమ్మ గోడలో కలిసిపోతుంది, ఇంకోచోట అదే బొమ్మ నిండుగా ఉంటుంది.

అడగాల్సినవి ఇవి: ఎన్ని అడుగుల గోడ ఇస్తారు? మేకులు కొట్టనిస్తారా, పైన రాడ్డు నుంచి తీగతో వేలాడదియ్యాలా? లైట్లు జరుగుతాయా? పెట్టడానికి ఎన్ని రోజులు, తియ్యడానికి ఎన్ని గంటలు? హాలు అద్దెకా, అమ్మకాల మీద కమీషనుకా? బొమ్మకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

సుమారు లెక్క ఇలా వేసుకోండి. 60 అడుగుల గోడలో మూలలు, తలుపు పక్కలు వదిలేస్తే 54 అడుగులు మిగిలాయనుకుందాం. రెండడుగుల ఫ్రేముకి పక్కన అడుగు ఖాళీ కలిపితే 3 అడుగులు. అంటే 18 ఫ్రేములు. చాలామంది నలభై పేజీలు పట్టుకొచ్చి రెండు వరసల్లో కుక్కేస్తారు. దాని సంగతి పదో మెట్టులో చెబుతాను.

ఇంటికి వచ్చాక అడుగుకి అంగుళం చొప్పున థర్మాకోల్‌తో ఆ హాలు నమూనా చేసుకోండి. ప్రతి బొమ్మకీ చిన్న ప్రింటు తీసి అదే కొలతలో కత్తిరించి గుండుసూదితో గుచ్చండి. నమూనాని బల్ల అంచున పెట్టి, కళ్లని దాని గుమ్మం ఎత్తుకి దించి చూడండి. లోపలికి అడుగుపెట్టగానే మొదట ఏ బొమ్మ కనిపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆర్నెల్లూ ఆ నమూనా మీ బల్ల మీదే ఉండాలి.

డేట్ల విషయంలో ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కాగితానికి గడ్డుకాలం. తేమకి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, గ్లాసు లోపల బూజు పడుతుంది. మీ చేతిలో ఉంటే డిసెంబరు, జనవరి అడగండి.

2. ఏవి పెట్టాలో తేల్చుకోండి

పేజీకి 70 మాటలున్నాయనుకోండి. నలభై పేజీలంటే 2,800 మాటలు. నిలబడి దాదాపు ఇరవై నిమిషాలు ఆపకుండా చదవాలి. ఎవరూ చదవరు. మూడో పేజీ దగ్గర మొదలయ్యే అలసట పదో పేజీ దగ్గర మొహంలో కనిపిస్తుంది.

నేను వాడే పద్ధతి ఇది. గోడని మూడు రకాల బొమ్మలకి పంచుతాను:

- దూరం నుంచి పిలిచేవి. ఒక్క ప్యానెల్, పెద్ద సైజు, మాటలు లేనివి. గుమ్మంలోంచే కనపడాలి. మూడు నాలుగు చాలు.
- దగ్గరికి రప్పించి చదివించేవి. నాలుగు నుంచి ఆరు పేజీల చిన్న కథ, లేదా పెద్ద కథలోంచి దానంతటది నిలబడే ఒక ఘట్టం. ఇలాంటివి రెండు, మహా అయితే మూడు.
- పని ఎలా జరిగిందో చూపేవి. పెన్సిల్ చిత్తు, నీలం పెన్సిల్ గీతలు, తెల్ల ఇంకుతో సరిచేసిన చోటు, అతికించిన బెలూను.

మూడో రకాన్ని దాచేస్తారు చాలామంది. దాచొద్దు. కంప్యూటర్లో శుభ్రం చేసిన పేజీని జనం ఎక్కడైనా చూస్తారు. నా షోలో ఒక చిత్తు పేజీ పెట్టాను. అందులో అమ్మమ్మ చెయ్యి మూడుసార్లు చెరిపి గీసింది. కాగితం అక్కడ నూగులేచి, కింద పాత వేళ్లు బూడిదరంగులో కనిపిస్తున్నాయి. ఒకామె ఆ చేతి ముందే చాలాసేపు నిలబడిపోయింది. పక్కనున్న పూర్తయిన పేజీని ఒక్క చూపు చూసి వెళ్లింది.

సరిచూసుకోండి: ఎంచుకున్న ఘట్టాన్ని ముందూ వెనకా చెప్పకుండా కథ తెలియని మనిషికి ఇవ్వండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, చివరికి ఏమైందో చెప్పగలిగితే అది గోడెక్కొచ్చు. మీరు నోరు తెరిచి వివరించాల్సి వస్తే తియ్యండి.

3. అరువు బొమ్మల్ని వేరు చెయ్యండి

మనందరి గీతలోనూ ఎవరో ఒక పెద్దాయన ఉంటారు. అందులో తప్పేమీ లేదు. గీత నేర్చుకోవడం ఒకటి, బొమ్మనే ఎత్తి గోడకి పెట్టి అమ్మడం ఇంకొకటి.

భేతాళ కథలు పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి, ఎవరైనా గీసుకోవచ్చు. కానీ భుజాన శవం, చేతిలో కత్తితో చందమామలో శంకర్ గీసిన ఆ విక్రమార్కుడి భంగిమ ఉంది చూశారూ, అది గీసిన బొమ్మ. మన కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాళ్లు పోయాక మరో 60 ఏళ్లు దాని మీద హక్కు ఉంటుంది. శంకర్ కన్నుమూసింది 2020లో. అదే భంగిమ మీ బొమ్మలో కావాలంటే హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. లేదా విక్రమార్కుణ్ణి మీ కళ్లతో కొత్తగా ఊహించండి. రెండోదే మంచిదని నా గట్టి నమ్మకం.

“మరి లిక్టెన్‌స్టయిన్ చెయ్యలేదా?” అని అడుగుతారు. కామిక్ ప్యానెళ్లని పెద్ద పెయింటింగులుగా వేసిన ఆ అమెరికా చిత్రకారుడు చేశాడు, నిజమే. 1963 నాటి ఆయన ‘డ్రౌనింగ్ గర్ల్’ న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఉంది. దానికి మూలమైన కామిక్ ప్యానెల్ గీసిన టోనీ అబ్రుజో పేరు మనలో ఎంతమందికి తెలుసు? మనం కామిక్స్ వైపు మనుషులం. ఆ పేరు మింగేసే పని మనం చెయ్యకూడదు. ఎవరి ప్రభావం ఉందో బొమ్మ పక్కన లేబుల్‌లో పేరు పెట్టి రాయండి.

4. అక్షరాల దగ్గర ఆగండి

తెలుగు కామిక్స్ గోడ మీద ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ఏ3 కాగితం మీద గీసేటప్పుడు బెలూన్లో అక్షరం నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. పుస్తకానికి అది చక్కగా సరిపోతుంది. అయిదడుగుల దూరం నుంచి మాత్రం చీమల బారులా కనిపిస్తుంది. అంత దూరానికి తలకట్టు నుంచి అక్షరం అడుగుదాకా కనీసం 8 మిల్లీమీటర్లు, వీలైతే 10 ఉండాలి.

మన లిపికి ఇంకో ఇబ్బంది ఉంది. పైన గుడులు, కింద ఒత్తులు. “రాష్ట్రం” అని రాస్తే అక్షరం కింద రెండు ఒత్తులు దిగుతాయి, కింది వరసలో “కీ” గుడి పైకి లేస్తుంది. రెండూ గుద్దుకుంటాయి. అక్షరం 5 మిల్లీమీటర్లయితే వరసకీ వరసకీ మధ్య, అడుగు గీత నుంచి అడుగు గీతకి, 10 మిల్లీమీటర్లు వదలండి. బెలూన్ పెద్దదవుతుంది, నిజమే. మాటలు తగ్గించండి.

పేజీలు ఇప్పటికే గీసేసి ఉంటే మార్గాలున్నాయి:

- పెద్ద ప్రింటు. ఏ3ని ఏ2 చేస్తే 5 మిల్లీమీటర్ల అక్షరం 7 అవుతుంది, అది చాలదు. ఏ1 చేస్తే 10 అవుతుంది.
- ఒరిజినల్ పేజీలని గోడకి కాకుండా ఏటవాలు బల్ల మీద, గ్లాసు కింద పెట్టడం. జనం వంగి చదువుతారు. పుస్తకం చదివే దూరం తిరిగి వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్గం ఇదే.
- ఒరిజినల్ గోడ మీద, కింద ఒక స్టూలు, దాని మీద అదే కథ చిన్న పుస్తకంగా. రెండు మూడు కాపీలు ఉంచండి, నలిగిపోతాయి.

చెయ్యకూడనిది: పాత బెలూన్ల మీద కంప్యూటర్ ఫాంటు ప్రింటు తీసి అతికించడం. చేతి గీత పక్కన ఆ అచ్చక్షరం మాసిక వేసినట్టు కనిపిస్తుంది.

సరిచూసుకోండి: ఒక పేజీని అసలు సైజులో జిరాక్స్ తీయించి ఇంట్లో గోడకి అంటించండి. అయిదడుగుల దూరంలో నేల మీద సుద్దతో గీత గియ్యండి. అరవై దాటిన ఆ మనిషిని అక్కడ నిలబెట్టి పైకి చదవమనండి. ఒక్క చోట ముందుకు వంగినా అక్షరం చిన్నదే.

5. రంగులకి ఎండ పరీక్ష

దీన్ని నేను బాధపడి నేర్చుకున్నాను. ఒక షోలో స్కెచ్ పెన్నులాంటి డై మార్కర్లతో రంగులేసిన పేజీ అమ్మాను. రెండేళ్ల తర్వాత కొన్నవాళ్లింటికి వెళితే, గులాబిరంగు చీర కట్టుకున్న నా పాత్ర దాదాపు తెల్లచీరలో ఉంది. కిటికీకి ఎదురుగోడకి పెట్టుకున్నారు పాపం. నలుపు ఒక్కటే చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది పిగ్మెంట్ ఇంకు, అంటే కరిగిపోయే డైతో కాకుండా సన్నటి రంగుపొడితో చేసింది. ఆ పేజీ వెనక్కి తీసుకుని, వేరే బొమ్మ ఇచ్చాను.

కాబట్టి, మీరు వాడే ప్రతి మార్కరూ, ఇంకూ, రంగూ ఒక కాగితం పట్టీ మీద వరసగా పూయండి. పట్టీలో సగం పొడవునా అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. రేకు తీసినప్పుడు రెండు సగాలకీ తేడా కనిపిస్తే ఆ రంగుతో అమ్మకానికి బొమ్మ వెయ్యొద్దు. ఆల్కహాల్ మార్కర్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. వాటి బదులు పిగ్మెంట్ ఇంకులు, అక్రిలిక్, లేదా మంచి రకం వాటర్ కలర్.

అవే మార్కర్లతో ఇప్పటికే వేసిన బొమ్మలుంటే? ఒరిజినల్‌ని “అమ్మకానికి కాదు” అని పెట్టి, దాని పిగ్మెంట్ ప్రింటు అమ్మండి.

కాగితం సంగతి ఒక్క ముక్కలో: యాసిడ్ లేని కాగితం, వాటర్ కలరైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). మామూలు డ్రాయింగ్ షీటు కొన్నేళ్లకే పసుపెక్కుతుంది.

6. స్కాన్లు, ప్రింట్లు

ఫ్రేము కట్టకముందే ప్రతి పేజీనీ స్కాన్ చేయించండి. కట్టాక గ్లాసు మీంచి ఫొటో తియ్యడం తప్ప దారి ఉండదు. అమ్ముడయ్యాక అదీ ఉండదు.

ఏ4 పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే దాదాపు 4,960 × 7,016 పిక్సెళ్లు వస్తాయి. 300 డీపీఐలో ప్రింటేస్తే ఏ2 సైజు. రెండడుగుల పైన పెద్ద ప్యానెల్ చెయ్యాలనుకుంటే నల్ల గీత బొమ్మల్ని 1,200లో స్కాన్ చెయ్యండి. ఫోన్‌తో తీసిన ఫొటో నుంచి పెద్ద ప్రింటు వద్దు, గీత అంచులు పళ్లు పళ్లుగా వస్తాయి.

ప్రింటు పిగ్మెంట్ ఇంకుతో, యాసిడ్ లేని కాగితం మీద తీయించండి. మొత్తం ఎన్ని కాపీలో ముందే తేల్చి, ప్రతి దాని కిందా పెన్సిల్‌తో 1/25, 2/25 అని వేసి సంతకం పెట్టండి. పాతిక అన్నాక ఇరవయ్యారోది తియ్యకూడదు. ఫ్లెక్సు మీద పెద్ద ప్యానెళ్లు వేయిద్దామని కొందరికి ఉంటుంది, చవక కాబట్టి. లైటు పడగానే మెరిసి బొమ్మ కనపడదు, మూసిన గదిలో వాసన కొడుతుంది. మెరవని మ్యాట్ కాగితం మీద ముక్కలు ముక్కలుగా ప్రింటేసి కలిపి అంటించడం మేలు.

7. ఫ్రేములు: రాసిస్తే తప్ప వదలొద్దు

నాకు జరిగినదే ఒకటి చెప్తాను, పేరెందుకు గానీ. తొలి షోకి పన్నెండు పేజీలు ఫ్రేము కట్టే షాపులో ఇచ్చి ఊరెళ్లాను. వచ్చి చూస్తే అన్నీ ముచ్చటగా ఉన్నాయి, ఒకే సైజులో. ఎలా ఒకే సైజయ్యాయా అని చూస్తే, రెడీగా ఉన్న బీడింగ్‌కి సరిపోయేలా పేజీల అంచులు కోసేశారు. నేను అంచుల్లో నీలం పెన్సిల్‌తో రాసుకున్న నోట్సు, పేజీ నంబర్లు, ఓ పక్కన గీసిన చిన్న ముఖాలు, అన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆ ముక్కలు మళ్లీ దొరకలేదు.

అప్పటినుంచి ప్రతి పేజీ వెనక కవరు మీద ఇలా రాసిస్తున్నా, మీరూ రాయండి:

- అంచు కొయ్యొద్దు. కాగితం నాలుగు అంచులూ కనపడాలి.
- సెల్లో టేపు, ఫెవికాల్, బ్రౌన్ టేపు బొమ్మకి తగలకూడదు. మౌంటు (బొమ్మ వెనక అట్ట) మీద మూలల్లో యాసిడ్ లేని కార్నర్లు పెట్టి, కాగితాన్ని వాటిలో దూర్చాలి.
- గ్లాసు బొమ్మకి ఆనకూడదు. మధ్యలో బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన మౌంటు బోర్డు గానీ సన్నటి పట్టీ గానీ ఉండాలి. ఆనితే తేమకి ఇంకు గ్లాసుకి అంటుకుంటుంది.
- వెనక ప్లైవుడ్ నేరుగా తగలకూడదు. మధ్యలో యాసిడ్ లేని బోర్డు.

గ్లాసా, అక్రిలిక్ షీటా? ఊరు మారే షో అయితే అక్రిలిక్, బరువు తక్కువ, తేలిగ్గా పగలదు. కానీ గీతలు పడుతుంది, దాన్ని మెత్తటి గుడ్డతోనే తుడవాలి. సొంతూళ్లో షోకి గ్లాసే చాలు.

డబ్బు చాలకపోతే? అన్నీ కట్టించక్కర్లేదు. అమ్మకానికున్నవి కట్టించి, చిత్తు పేజీలని పారదర్శక కవర్లో పెట్టి, పైన రెండు క్లిప్పులతో మేకులకి వేలాడదియ్యండి. క్లిప్పు నేరుగా కాగితం మీద పడకుండా చిన్న అట్టముక్క పెట్టండి. చిత్తు పేజీలకి ఆ తీరు అందంగానే ఉంటుంది.

సరిచూసుకోండి: ఫ్రేమొచ్చిన రోజే లైటు కింద వంచి చూడండి. లోపల వెంట్రుక, దుమ్ము, బొమ్మ జారిన గుర్తు ఉంటే అప్పుడే వెనక్కివ్వండి. షో ముందు రోజు ఎవరూ విప్పి ఇవ్వరు.

8. ధరలు, కాగితాలు

గ్యాలరీలు అమ్మకం మీద సాధారణంగా 30 నుంచి 50 శాతం దాకా తీసుకుంటాయి. ఇక్కడ లెక్కలో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. చేతికి 12,000 రావాలి, ఫ్రేముకి 2,000 అయింది, మొత్తం 14,000. కమీషను 40 శాతం కాబట్టి 40 శాతం కలిపి 19,600 పెడదాం అనుకుంటారు. 19,600లో 40 శాతం పోతే మిగిలేది 11,760. ఫ్రేము డబ్బు కూడా పోయినట్టే. కలపకూడదు, భాగించాలి. 14,000ని 0.6తో భాగిస్తే 23,333. ఓ 23,500 పెట్టండి.

నాలుగు పేజీల కథని విడగొట్టి అమ్మాలా? నేను అమ్మను. మూడో పేజీ ఒకరింట్లో, నాలుగోది ఇంకొకరింట్లో ఉంటే కథ చచ్చిపోతుంది. నాలుగిటికీ కలిపి ఒక ధర పెడతాను. డబ్బు అవసరం గట్టిగా ఉండి విడగొట్టాల్సి వస్తే, కొన్నవాళ్లకి మిగతా పేజీల ప్రింట్లు కూడా ఇవ్వండి.

బిల్లు మీద ఒక వాక్యం తప్పనిసరి: “బొమ్మ మాత్రమే అమ్మబడింది, అచ్చు వేసే హక్కు చిత్రకారుడిదే.” చట్టం ప్రకారం హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగానే ఇవ్వాలి, అయినా ముందే రాసుంటే తర్వాత మాటలు పెరగవు. పుస్తకంగా వేస్తామని ఎవరైనా ఒప్పందం తెస్తే ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో చూడండి. ఏళ్లు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా తీసుకుంటుంది.

9. గోడ మీది రాతలు

పరిచయం 120 మాటలు దాటొద్దు. మీరెవరో, ఈ కథలు ఎక్కడినుంచి వచ్చాయో, అంతే. “అంతర్లోకాల అన్వేషణ” లాంటి మాటలు వద్దు. మీ తాతయ్య కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే పాత పత్రికల్లో బొమ్మలు చూసి నేర్చుకుంటే, అదే రాయండి.

ప్రింటుకిచ్చేటప్పుడు జాగ్రత్త. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, డీటీపీ షాపులో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. ఫైలు అక్కడ తెరవగానే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అక్షరాలని గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. ఫొటోషాప్‌లోనో ఇల్లస్ట్రేటర్‌లోనో చేస్తుంటే, అందులో భారతీయ లిపుల కోసం ఉన్న సెట్టింగు ఎంచుకోండి. ప్రూఫులో “లక్ష్మి”, “స్వాతంత్ర్యం”, “రాష్ట్రం” ఎక్కడున్నా వెతికి చూడండి. అవి సరిగ్గా పడితే మిగతావి పడ్డట్టే.

లేబుల్ మీద పేరు, ఏడాది, దేనితో గీశారు, కాగితం సైజు, ధర లేదా జాబితా నంబరు. కథ వరసకి ముందు గోడ మీద చిన్న బాణం గుర్తు పెట్టండి. కుడినుంచి నడిచొచ్చేవాళ్లు చివరి పేజీ మొదట చదివేస్తారు.

10. వేలాడదియ్యడం

బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. చాలా గ్యాలరీలు 57 నుంచి 60 మధ్య ఏదో ఒకటి పాటిస్తాయి. అక్షరాలెక్కువ ఉన్న వరసైతే నేను 56కి దించుతాను.

మేకు ఎక్కడ కొట్టాలో లెక్క: 58, దానికి ఫ్రేము ఎత్తులో సగం కలపండి, తీగ జారుడు తీసెయ్యండి. జారుడంటే, వెనక తీగని వేలితో పైకి గట్టిగా లాగి పట్టుకుంటే ఫ్రేము పై అంచుకీ తీగకీ మధ్య ఉన్న దూరం. 24 అంగుళాల ఫ్రేము, 3 అంగుళాల జారుడు అయితే 58 + 12 − 3 = 67 అంగుళాల దగ్గర మేకు. ప్రతి ఫ్రేముకీ జారుడు విడిగా కొలవండి. ఒకే షాపులో కట్టినవైనా ఒకటిగా ఉండవు.

ఇప్పుడు రెండు వరసల సంగతి. 20 అంగుళాల ఫ్రేములు, మధ్య 2 అంగుళాల ఖాళీ, మొత్తం 42. దాని మధ్యని 58 దగ్గర పెడితే పై అంచు 79 అంగుళాలకి వెళుతుంది, అంటే ఆరడుగుల ఏడంగుళాలు. పై వరసలో మొదటి ప్యానెల్, అంటే కథ మొదలే, ఎవరి కంటికీ అందదు. కింది వరస 37 దాకా దిగుతుంది. కథ పేజీలు ఎప్పుడూ ఒకే వరసలో పెట్టండి. రెండు వరసలు మాటల్లేని బొమ్మలకే.

ఒక కథలోని పేజీల మధ్య 2 అంగుళాలు, కథకీ కథకీ మధ్య కనీసం 18. కామిక్‌లో ప్యానెళ్ల మధ్య ఖాళీ చేసే పనినే గోడ మీద ఈ ఖాళీ చేస్తుంది. అన్నీ సమానంగా పెడితే ఎక్కడ ఏది అయిపోయిందో తెలియదు.

పనిని ఈ వరసలో చెయ్యండి: ముందు అన్నిటినీ గోడ కింద నేలకి ఆనించి పెట్టి ఒకరాత్రి వదిలెయ్యండి. పొద్దున్నే చూసి మార్పులు చెయ్యండి. ఆ తర్వాతే మేకు. రసమట్టం ప్రతి ఫ్రేము మీదా పెట్టండి, పైకప్పు చూసి అంచనా వెయ్యొద్దు, చాలా హాళ్లలో అదే వంకర. కింది మూలల్లో వెనక చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే ఫ్రేము కదలదు, వెనక గాలి ఆడుతుంది.

లైటు పైనుంచి ఏటవాలుగా, దాదాపు 30 డిగ్రీల కోణంలో పడాలి. నల్ల ఇంకు బొమ్మల మీద గ్లాసు అద్దంలా మారిపోతుంది, కాబట్టి ప్రతి ఫ్రేము ముందూ నిలబడి మీ మొహం కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే లైటు జరపండి. ఎదురుగోడకి కిటికీ ఉంటే మధ్యాహ్నం మూడింటికి కూడా వచ్చి చూడాలి.

11. ముందు రోజు

కామిక్స్ అలవాటు లేని ఆ ఇద్దర్నీ మళ్లీ పిలవండి. గుమ్మం దగ్గర వదిలేసి మీరు మూలన కూర్చోండి, ఏమీ చెప్పకండి. వాళ్లు ఎటు తిరిగారు, ఎక్కడ ఆగారు, ఏ పేజీ దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు, నోటుబుక్కులో రాసుకోండి. వెనక్కి వెళ్లి చదివారంటే అక్కడ వరస అర్థం కాలేదన్నమాట. బాణం జరపండి, లేదా ఖాళీ పెంచండి. ఈ ఒక్క పనికి గంట పడుతుంది. ఎంత హడావుడి ఉన్నా దీన్ని వదలొద్దు.

ధరల జాబితా రెండు కాపీలు, ఎర్ర స్టిక్కర్లు (అమ్ముడైన బొమ్మ పక్కన అంటించడానికి), పెన్ను, రబ్బరు, అదనపు మేకులు, గ్లాసు తుడిచే గుడ్డ ఒక సంచిలో వేసి హాల్లోనే పెట్టండి. పిల్లలొస్తారు, రావాలి కూడా. వాళ్ల కోసం ఒక్క బొమ్మైనా మూడడుగుల ఎత్తులో పెట్టండి, అది తప్పకుండా గ్లాసు బదులు అక్రిలిక్ షీటు వేసిందై ఉండాలి.

12. దించే రోజు

దించడాన్ని ఎవరికో అప్పజెప్పి వెళ్లకండి. దెబ్బలు తగిలేది ఎక్కువగా ఆ రోజే. మూలలకి అట్టలు తొడిగి, రెండేసి ఫ్రేముల్ని గ్లాసుకి గ్లాసు ఎదురుగా, మధ్యలో అట్ట పెట్టి, నిలువుగా సర్దండి. పడుకోబెట్టి దొంతర పెడితే కిందిది పగులుతుంది. అమ్ముడైనవి కొన్నవాళ్లకి ఇస్తూ, ఎండ పడే గోడకీ, వంటింటి గోడకీ, బాత్‌రూమ్ వెనక గోడకీ పెట్టొద్దని నోటితో చెప్పండి, కవర్లో చీటీ కూడా పెట్టండి.

మిగిలినవి ఇంటికి తెచ్చి వారం గడిచాక ఒక్కొక్కటీ తిప్పి చూడండి. గ్లాసు లోపలివైపు మసకలాంటి పొర గానీ, కాగితం మీద గోధుమరంగు చుక్క గానీ కనిపిస్తే ఆ ఫ్రేము వెంటనే విప్పి, బొమ్మని ఫ్యాను గాలి నేరుగా తగలని పొడిగదిలో రెండు రోజులు ఆరనివ్వండి. నోటుబుక్కులో ఆ పేజీ పక్కన తారీఖు వేసుకోండి.